రేడియోలో ఎనిమిది సెల్స్

అనకాపల్లి,
జనవరి 27.

పుష్ప వదినకి,

నొవిషియేట్‌లో సిస్టర్ అయ్యేదాకా నెలకి ఒక్క ఉత్తరమే నీ చేతికిస్తారని పాయకరావుపేట నుంచి అత్త ఫోన్ చేసి చెప్పింది. ఒక్కటే కాబట్టి నీ ఆరోగ్యం, అక్కడి తిండి, చలి, ఇవేవీ అడగకుండా నేరుగా బ్యాటరీలతో మొదలుపెడుతున్నాను. నవ్వకు.

నువ్వు మేనమామ ఇల్లని మా ఇంట్లో ఉండి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినన్నాళ్లూ ఆదివారం చర్చిలో పూజ అవగానే నాన్నతో కొండకర్ల వెళ్లేదానివి. నాన్న బొమ్మ విమానం ఎగరేస్తుంటే పక్కన నిలబడేదానివి. నేను దూరంగా గట్టు మీద పుస్తకం చదువుకునేదాన్ని. ఇప్పుడు నువ్వు లేవు. నేను మాత్రం ఆ గట్టు మీదే ఉన్నాను.

నాన్న చేతిలో పట్టుకుని విమానాన్ని నడిపే పెట్టె నీకు గుర్తుందిగా. నాన్న దాన్ని రేడియో అంటాడు, అమ్మ రిమోట్ అంటుంది. దానికి ఎనిమిది పెన్సిల్ సెల్స్ కావాలి. దీపావళి తర్వాత నాన్న వాడి పారేసే సెల్స్ మానేసి, చార్జి చేసుకునేవి పెట్టాడు. వాటిని విశాఖ నుంచి తెప్పించింది తాతబ్బాయి మావయ్య. చార్జరు కూడా ఆయనదే. పొలం ఆయనది, పక్కన బెల్లం గానుగ ఆయనది. కోతలయ్యాక ఖాళీగా పడి ఉండే ఆ మడి వాళ్లిద్దరికీ విమానాశ్రయం. ముప్పై ఏళ్ల స్నేహం కాబట్టి ఇన్నాళ్లూ ఏది ఎవరిదో ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు నాన్న పట్టించుకుంటున్నాడు.

విమానం పైకెక్కి గాలిలో కుదురుకోగానే తాతబ్బాయి మావయ్య, "బావా, దించీ" అంటాడు. నాన్న, "ఇప్పుడే గదా ఎక్కింది, ఆగు" అంటాడు. "దించీమంటంటే దించీ" అని ఆయన అరుస్తాడు. ఇదివరకూ అనేవాడేమో కానీ ఇంత కంగారుగా కాదు. కొత్త సెల్స్ వచ్చిన దగ్గర్నుంచీ ఇదే గొడవ.

"నా సెల్స్ ఎప్పుడు అయిపోతాయో ఆడికి ముందే ఎలా తెలుత్తాది?" అని నాన్న నిన్న భోజనం దగ్గర అడిగాడు. "ఆడిదైతే కావలసినంతసేపు ఎగుర్తాది. నాదే దించాలి. సెల్స్ తెచ్చింది ఎవడు? ఆడే."

"అరవై దాటేయి మీ ఇద్దరికీ" అంది అమ్మ. "గాలిపటాలెగరేసే గుంటలే నయం. దారం తెగితే ఏడ్సి ఊరుకుంటారు."

నేనూ నవ్వాను. కానీ వదినా, పోయిన ఆదివారం నాన్న నీళ్లు తాగడానికి గానుగ వైపు వెళ్లినప్పుడు పుస్తకం మీంచి ఒకటి చూశాను. తాతబ్బాయి మావయ్య నాన్న రేడియో తీసి, అటూ ఇటూ చూసి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాన్న వస్తుంటే గబుక్కున కింద పెట్టేశాడు.

నాన్నకి చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఏ సెల్స్ కొనాలో రాయి. ఈసారి తాతబ్బాయి మావయ్య చెయ్యి తగలనివి కావాలి.

నీ రోజలిన్


నొవిషియేట్ హౌస్, ఏలూరు,
ఫిబ్రవరి 12.

రోజీ,

నీ ఉత్తరం నాకంటే ముందు మా సిస్టర్ గారు చదివారు. రెండుసార్లు చదివారట. నన్ను పిలిచి, "ఎనిమిది సెల్స్ అంటే ఎవరు?" అని అడిగారు. ఎవరు కాదు, ఏమిటి అని చెప్పి నల్లబల్ల మీద బొమ్మ వేశాను. "మరి చెయ్యి తగలనివి అంటే?" అన్నారు. నువ్వు కోడ్ భాషలో రాస్తున్నావని ఆవిడ అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు. కాబట్టి ఇక మీదట బ్యాటరీలని బ్యాటరీల్లాగే రాయి.

అట్ట మీద అంకె పెద్దదని కొనకు. రెండు వేల మిల్లీ ఆంప్ అవర్, దానికి కొంచెం పైన ఉంటే నమ్మొచ్చు. నాలుగు వేలు అని అచ్చువేసి ఉంటే అది అబద్ధం. పెన్సిల్ సెల్‌లో అంత పట్టదు. అలాంటివి చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతాయి, తేలిగ్గా ఉంటాయి. వాడకుండా పక్కన పెట్టినా చార్జి నిలిచే రకం నికెల్ సెల్స్ అడుగు. మామయ్య ఎగరేసేది వారానికి ఒకసారి. మామూలు రకమైతే ఊరికే కూర్చున్నా కొంత కారిపోతుంది. లిథియం ప్యాక్ పెట్టమని ఎవరైనా చెబితే వినకు, ఆ పాత పెట్టెకి ఆ వోల్టేజి ఎక్కువ. ఎనిమిదీ ఒకే రోజు కొను. కలిసి చార్జి చెయ్యి, కలిసి వాడు. అందులో ఒక్కటి నీరసించినా మిగతావి దాని వెనకే కూలబడతాయి.

ఇంకొకటి. పారేసే సెల్స్ మెల్లగా చచ్చిపోతాయి. సెల్స్ అయిపోవస్తున్నాయని రేడియోలో అలారం మోగిన తర్వాత కూడా చాలాసేపు లాగుతాయి. చార్జి చేసేవి అలా కాదు. చివరిదాకా బాగానే ఉండి ఒక్కసారిగా పడిపోతాయి. వీటితో ఎగరేసేటప్పుడు అలారం మోగిందంటే వెంటనే దించెయ్యాలి. మరో చుట్టు తిప్పుదామనుకుంటే కుదరదు.

మామయ్యని ఒంటరిగా ఎగరెయ్యనివ్వకు. <u>తాతబ్బాయి గారు పక్కన ఉంటేనే.</u>

ఇక్కడ చలి పోయింది. తిండి బాగానే ఉంది. నువ్వు అడగలేదు కానీ చెబుతున్నాను.

పుష్ప


అనకాపల్లి,
ఫిబ్రవరి 24.

వదినా,

నువ్వు చెప్పిన రకమే తెప్పించాను. ఎనిమిదీ ఒకే పెట్టెలో వచ్చాయి. అరచేతిలో బరువుగానే ఉన్నాయి. నాన్న నా గోళ్ల రంగు సీసా అడిగి తీసుకుని ఒక్కో సెల్‌కీ అడుగున ఎర్రచుక్క పెట్టాడు. "ఇప్పుడు మార్సమను సూద్దాం" అన్నాడు. రేడియోని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆదివారం కొండకర్లలో ఆ పెట్టె ఆయన చెయ్యి దాటలేదు.

విమానం పైకి లేచింది. చాలాసేపే ఎగిరింది. నేను పుస్తకం మూసి చూస్తూనే ఉన్నాను. నాన్న దాన్ని పొలం పక్కన ఆవ నీళ్ల మీదుగా తిప్పి వెనక్కి తెచ్చాడు. ఆయన ముఖం చూస్తే ముచ్చటేసింది. అప్పుడే వినపడింది.

"బావా, దించీ."

నాన్న దించాడు. దించి, రేడియోని చంకలో పెట్టుకుని తిన్నగా ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. గాలి మా వైపు ఉండబట్టి మాటలన్నీ వినపడ్డాయి.

"అలారం మోగిందేట్రా?"

తాతబ్బాయి మావయ్య విమానం వైపు చూశాడు.

"సెప్పు. మోగిందా?"

"ఏదో... అలవాటు మీద అన్నాను బావా."

"మోగలేదు కదా. మోగకుండానే అయిపోవచ్చిందని నీకెలా తెలిసింది? నాను ఇంకా రేడియో తెర మీద అంకె కూడా సూడలేదు. నా రేడియోలో ఏటి సేసేవు?"

ఆయన తలవంచుకుని కాలితో మట్టిపెడ్డ ఒకటి చిదుపుతూ నిలబడ్డాడు. తప్పు చెయ్యనివాడు అలా నిలబడతాడా? ఇంటికొచ్చి సెల్స్ తీసి చూశాం. ఎనిమిదింటికీ ఎర్రచుక్కలున్నాయి. అంటే సెల్స్ మార్చలేదు. నాన్న కాసేపు ఆలోచించి, "అయితే అలారం తీగ తెంపేడు" అన్నాడు. "ఎప్పుడు మోగాలో ఆడికి తెలుసు. నాకు తెలీకుండా సేసేడు. పెద్దరికం ఆడిదవ్వాల, ఆడు దించమంటే నాను దించాల."

అప్పుడు నేను చూసిన సంగతి చెప్పేశాను. రేడియో చెవి దగ్గర పెట్టుకోవడం, గబుక్కున కింద పెట్టడం. చెప్పకుండా ఉండాల్సిందేమో. నాన్న ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

ఇప్పుడు నిన్నొకటి అడగాలి. తాతబ్బాయి గారు పక్కన ఉంటేనే అని రాసి దాని కింద గీత గీశావు. నువ్వు గీతలు గీసే మనిషివి కాదు. నీకేం తెలుసు?

రోజలిన్


నొవిషియేట్ హౌస్, ఏలూరు,
మార్చి 3.

రోజీ,

ఎల్లుండి విభూది బుధవారం. ఈస్టర్ దాకా మాకు ఉత్తరాలు ఉండవు, రావడమూ లేదు, పోవడమూ లేదు. సిస్టర్ గారిని బతిమాలి ఈ కాగితం రాస్తున్నాను.

తాతబ్బాయి గారు తీగ తెంపలేదు. నాకెలా తెలుసని అడగకు. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

మామయ్యని ఒంటరిగా పంపకు. వెళ్లక తప్పకపోతే నువ్వు పక్కన నిలబడు. గట్టు మీద కాదు, పక్కన. పుస్తకం ఇంట్లో వదిలెయ్యి.

పుష్ప


అనకాపల్లి,
మార్చి 18.

వదినా,

దీన్ని నువ్వు ఈస్టర్ తర్వాతే చదువుతావు. అయినా రాస్తున్నాను. నా కోపం అప్పటిదాకా ఆగేలా లేదు.

విమానం ఆవలో పడిపోయింది.

మొన్న ఆదివారం నాన్న ఆ పొలంలోకి వెళ్లలేదు. ఆవ ఇవతలి ఒడ్డున, రోడ్డు పక్క ఖాళీజాగాలో ఎగరేశాడు. నేను వెంట వెళ్లాను. పుస్తకం తీసుకెళ్లలేదు అని రాద్దామనుకున్నాను. తీసుకెళ్లాను. నువ్వు పక్కన నిలబడమన్నావు, ఎందుకో చెప్పలేదు. ఎందుకో తెలియకుండా ఒక మనిషి పక్కన ఎంతసేపని నిలబడతాం? కాసేపు నిలబడి, వెళ్లి కూర్చున్నాను.

"పోయింది! రేడియో సచ్చిపోయింది!" అని నాన్న అరిస్తే తలెత్తాను. విమానం మోటారు ఆగిపోయి, ఒక పక్కకి ఒరిగి, తామరాకుల మధ్య పడింది. దోనెలో చేపలు పడుతున్న మనిషెవరో తీసుకొచ్చి ఇచ్చాడు. రెక్క విరిగిపోయింది. నాన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని స్కూటర్ వెనక కూర్చున్నాడు. ఇంటిదాకా బండి నేనే నడిపాను.

ఇప్పుడు నాన్నకి అనుమానం చార్జర్ మీద. "సెల్స్ కొత్తవి. తీగ తెంపితే అలారం పోతాది కానీ సెల్స్ ఎందుకు కూలబడ్డాయి? సగమే ఎక్కిత్తంది ఆ చార్జరు. అదెవడిచ్చేడు?" అంటాడు. దానికి జవాబు నీ దగ్గర ఉండొచ్చు. నువ్వు ఈస్టర్ దాకా మాట్లాడవు.

ఆ సాయంత్రం తాతబ్బాయి మావయ్య వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు. గేటు దగ్గర నిలబడి, "బావా, రెక్క నాను సేత్తాను, ఇలా ఇయ్యి" అన్నాడు. నాన్న కిటికీలోంచి చూశాడు. లేచి తలుపు వేశాడు. అమ్మ వెనక గుమ్మంలోంచి వెళ్లి మాట్లాడబోయింది కానీ ఆయన అప్పటికే బండి తిప్పేశాడు.

నక్కపల్లిలో నితీష్ అని ఒకాయన విమానాలు ఎగరేస్తాడట. రేడియో, రెండు విమానాలు, ఆ సామానంతా ఆయనకి ఇచ్చేస్తానని నాన్న మాట ఇచ్చాడు. వచ్చే నెలాఖరుకి వచ్చి తీసుకెళ్తాడు. చార్జరుని ఒక సంచిలో పెట్టి, పొలంలో షెడ్డు తాళంచెవి కూడా అందులోనే వేసి, గానుగకి పంపించేశాడు.

విమానాలు పోతే పోనీ వదినా. మనిషి పోతున్నాడు. నాన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు వందమందితో మాట్లాడేవాడు. ఇప్పుడు అమ్మా నేనూ కాక ఆయనకి మాట్లాడుకునే మనిషి తాతబ్బాయి మావయ్య ఒక్కడే. ఆయన నిజంగా దొంగ అయితే పోవలసిందే. కాకపోతే?

నీకు తెలుసు. తెలిసి, అది నేను చెప్పాల్సిన మాట కాదంటున్నావు. ఎవరు చెప్పాలి? ఆయన తలవంచుకుంటాడు, నువ్వు గీతలు గీస్తావు. మీ ఇద్దరూ కలిసి ఏదో దాస్తున్నారు. ఇదివరకు అనుమానం ఆయన ఒక్కడి మీదే ఉండేది.

రోజలిన్


అనకాపల్లి,
ఏప్రిల్ 6.

వదినా,

నాకు తెలిసింది. ఎవరూ చెప్పలేదు. నా చెవులతో విన్నాను.

నిన్న అమ్మ డ్యూటీకి వెళ్లాక నాన్న రేడియోని భోజనాల బల్ల మీద పెట్టి నన్ను పిలిచాడు. నితీష్‌కి ఇచ్చేముందు తాతబ్బాయి మావయ్య చేసిన పని నాకు చూపించాలట. రేపు ఎవరైనా అడిగితే సాక్ష్యం ఉండాలి కదా అన్నాడు. వాడేసి పక్కన పడేసిన పాత సెల్స్ ఎనిమిది వెతికి వేశాడు. స్విచ్చు నొక్కాడు. చిన్న తెర మీద అంకె మెల్లగా దిగుతూ వచ్చింది. "ఇదుగో, ఇక్కడికొచ్చేసరికి మోగాల" అని గోటితో చూపించాడు.

అంకె అక్కడికి వచ్చింది. అలారం మోగింది.

సన్నగా, పదునుగా, ఆగి ఆగి, పళ్లు జివ్వుమనేలా మోగింది. నేను కుర్చీలో ఉలిక్కిపడ్డాను.

నాన్న నా వైపు తిరిగి, "సూసేవా?" అన్నాడు. "ఒక్క ముక్క సప్పుడు లేదు."

నాకు మొదట వేళాకోళం అనిపించింది. ఆయన ముఖం చూశాను. వేళాకోళం కాదు. బల్ల మీద ఆ పెట్టె గోల పెడుతోంది, నాన్న దాని మీద చెయ్యి వేసి, తనకి ఎలా అన్యాయం జరిగిందో మెల్లగా, మామూలు గొంతుతో చెబుతున్నాడు. నా మాట వినపడుతోంది. రోడ్డు మీద లారీ వెళ్తే అదీ వినపడింది. ఇదొక్కటీ లేదు.

"తెంపేసేడు కదా?" అని అడిగాడు.

"అవును నాన్నా" అన్నాను.

ఆయన స్విచ్చు కట్టేశాడు. ఆ చప్పుడు ఆగిపోయింది. ఆగినట్టు కూడా ఆయనకి తెలియలేదు.

నాకు కొత్తవాళ్లతో మాట్లాడటమే కాదు, తెలిసినవాళ్ల ఇంటికి ఒక్కదాన్నే వెళ్లడం కూడా ఎంత కష్టమో నీకు తెలుసు. ఈరోజు పూజ అవగానే గానుగకి వెళ్లాను. సీజను ఆఖరి పెనం పొయ్యి మీద ఉంది. తాతబ్బాయి మావయ్య పాకం కలుపుతూ నన్ను చూసి నవ్వబోయి మానేశాడు.

"ఏటి రోజమ్మా, పుస్తకం మర్సిపోయి వచ్చేవేటి?"

"అలారం మోగుతోంది మావయ్యా" అన్నాను.

కలపడం ఆపలేదు. "ఇన్నావా?"

"విన్నాను. నాన్నకి వినపడలేదు."

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"రిటైరైన కాణ్ణించీ అనుకుంటాను. ముందు ఈల యినపళ్ళేదు. మడి అవతల్నుంచి నాను ఈలేత్తే ఎనక్కి తిరిగీవోడు. తిరగడం మానేసేడు. కోపమేటో అనుకున్నాను. తరవాత ఈ కీసుమనీ అలారం."

"చెప్పొచ్చు కదా?"

అప్పుడు గరిట పక్కన పెట్టాడు. "ఎవుడికి? ఏసురాజుకా? టెలిఫోను తీగలో గురగుర యిని, ఏ తంబం కాడ తెగిందో ఇంట్లో కూకుని సెప్పీసేవోడు మీ నాన్న. జీపుల మీద తీసుకెళ్ళీవోరు ఆణ్ణి, ఆ సెవుల కోసం. ఆడికి నాను సెప్పాలా, బావా నీకు సెవుడొచ్చిందిరా అని?"

"దొంగ అంటున్నాడు మిమ్మల్ని."

"అననీ. దొంగనుకుంటే నా మీద కోపమొత్తాది. అదనుకుంటే ఆడి మీద ఆడికే ఏదోలాగైపోతాది. నాకిదే సులువు." మళ్లీ గరిట అందుకున్నాడు. "పారేసీ సెల్స్ ఉన్నప్పుడు బాధ నేదు. మోగినా సేనా సేపు లాగేవి, నిమ్మళంగా సెప్పీవోణ్ణి. ఇవి టైమ్ ఇవ్వవు. అరవాల్సొత్తంది. తెచ్చింది నానే, బుద్ధి తక్కువ."

రేడియో చెవి దగ్గర పెట్టుకున్నది ఎందుకని అడిగాను. ఆయన సిగ్గుపడ్డాడు.

"నాకూ అరవై మూడు కదమ్మా. నాకు ఎంత గట్టిగా యినపడతందో సూసుకున్నాను. నాకూ యినపడకపోతే ఆడి ఇమానం ఏటయిపోద్ది?"

నేను దీన్ని నాన్నకి దొంగతనం అన్నట్టు చెప్పాను వదినా. నేనే.

నువ్వు ఎప్పుడో కనిపెట్టేశావనీ, ఎవరికీ చెప్పనని నీ దగ్గర మాట తీసుకున్నాననీ కూడా చెప్పాడు. నా దగ్గరా మాట అడిగాడు. నేను ఇవ్వలేదు. అలాగని నాన్నకి చెప్పే ధైర్యమూ లేదు. నితీష్ నెలాఖరుకి వస్తాడు. నీ మాట నిలబెట్టుకోవడానికి నువ్వు మా నాన్నని ఆవ ఒడ్డున ఒంటరిగా వదిలేశావు. దేవుడి ఇంట్లో కూర్చున్నదానివి, అది సరైన పనేనా చెప్పు.

రోజలిన్


నొవిషియేట్ హౌస్, ఏలూరు,
ఏప్రిల్ 22.

రోజీ,

రెండు ఉత్తరాలూ ఒకేసారి ఇచ్చారు. నువ్వు అడిగినదానికి జవాబు, సరైన పని కాదు. మాట ఇచ్చినప్పుడు అందులో దాచేది ఒక్కటే అనుకున్నాను, మామయ్య చెవుల సంగతి. ఆ మాట కింద తాతబ్బాయి గారి పేరు నలిగిపోతుందని తోచలేదు. నీ ఫిబ్రవరి ఉత్తరం చదివాక తోచింది. అప్పటికైనా రాయాల్సింది. రాయకుండా గీత గీశాను, సగం మాట రాశాను. సగం మాటలు అబద్ధం కంటే ఎక్కువ పాడుచేస్తాయని ఈ నలభై రోజులూ మోకాళ్ల మీద ఉండి తెలుసుకున్నాను. దానికి మోకాళ్లు అక్కర్లేదు, నీ ఉత్తరం చాలు.

నువ్వు ఆయనకి మాట ఇవ్వలేదు కాబట్టి నువ్వు చెప్పగలవు. కానీ నోటితో చెప్పకు. మామయ్య నమ్మడు. నిన్ను కూడా తాతబ్బాయి గారే పంపారనుకుంటాడు. రేడియో వెనక, మెడపట్టీ తగిలించే కొక్కెం పక్కన సన్నటి రంధ్రాలు ఉంటాయి. అలారం వాటి కింద ఉంటుంది. మోగేటప్పుడు అక్కడ వేలు ఆనిస్తే తెలుస్తుంది. గట్టిగా కాదు, చీమ పాకినట్టు. మామయ్య వేలు అక్కడ పెట్టించు. మిగతాది ఆయనకే వదిలెయ్యి.

చార్జరులో తప్పు లేదు. కొత్త సెల్స్‌లోనూ లేదు. అవి ఎంతసేపు ఎగరాలో అంతసేపూ ఎగిరాయి. పిలిచినప్పుడు వినేవాళ్లు లేరు, అంతే.

సిస్టర్ గారు ఈసారి ఏమీ అడగలేదు. ఉత్తరాలు నా చేతికిచ్చి, తన చేతి గడియారం విప్పి, ఒక చెవి దగ్గర పెట్టుకుని, తర్వాత రెండో చెవి దగ్గర పెట్టుకుని చూసుకున్నారు.

పుష్ప


అనకాపల్లి,
మే 5.

వదినా,

నితీష్‌కి నేనే ఫోన్ చేశాను. ముఖం కూడా తెలియని మనిషికి. రావద్దండీ, ఇవ్వడం లేదు అని చెప్పి, ఆయన ఏమంటున్నాడో వినకుండా పెట్టేశాను. నాన్నకి ఆ సంగతి కూడా తర్వాతే చెప్పాను.

నిన్న, ఆదివారం, పాత సెల్స్ వేసి రేడియోని నేనే బల్ల మీద పెట్టాను. "మళ్ళీ ఏటి?" అన్నాడు నాన్న. "నీ వేలు ఇలా ఇయ్యి" అన్నాను. వెనక రంధ్రాల మీద పెట్టి పట్టుకున్నాను. అంకె దిగింది. మోగింది. నాన్న వేలు నా వేళ్ల కింద కొంచెం కదిలింది.

"ఏటిది?"

"అలారం."

"మోగుతుందా?"

"మోగుతోంది నాన్నా. మొన్న కూడా మోగింది. నేను అబద్ధం చెప్పాను."

చాలాసేపు నన్నే చూశాడు. నాన్న నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. గేటు దగ్గర నిలబడిన తాతబ్బాయి మావయ్యని కిటికీలోంచి చూసిన చూపు అది.

"ఆడు నిన్నూ తిప్పుకున్నాడన్నమాట" అన్నాడు.

మిగతాది ఆయనకే వదిలెయ్యమన్నావు, వదిలేశాను. టెలిఫోన్స్‌లో పనిచేసినవాడు కదా, నా మాట పక్కన పెట్టి తన పరీక్ష తనే మొదలుపెట్టాడు. కళ్లు మూసుకుని వేలు ఆనించాడు. రెండో చేత్తో మూత తీసి ఒక సెల్ ఊడబెరికాడు. వణుకు ఆగింది. మళ్లీ పెట్టి, స్విచ్చు వేసి, ఆగాడు. వచ్చింది. ఇంకో సెల్ తీశాడు. ఆగింది. అలా ఎన్నిసార్లు చేశాడో. తర్వాత ఆ పెట్టెని చెవికి ఆనించుకున్నాడు. ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చాడు. నేను పక్క గదిలోకి వెళ్లి నిలబడ్డాను, అక్కడికీ ఆ కీచు వినపడుతూనే ఉంది. కాసేపటికి అది ఆగిపోయింది.

"రోజీ" అని పిలిచాడు. "బండి తియ్యి."

గానుగ దగ్గర పొయ్యి చల్లారిపోయింది, పెనం బోర్లించి ఉంది. తాతబ్బాయి మావయ్య షెడ్డు ముందు మంచం మీద కూర్చుని తాళ్లు బిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు, ఎవరి ముఖం చూడాలో తెలియక నా ముఖం చూశాడు. నేను తల ఊపాను.

నాన్న వెళ్లి మంచం అవతలి కొసన కూర్చున్నాడు. మంచం ఒకపక్కకి వంగింది.

"దొంగనన్నాను నిన్ను" అన్నాడు.

"అన్నావు."

"నోరు మూసుకుని పడ్డావేం?"

"నోరు తెరిస్తే నువ్వు యింటావేటి?" అన్నాడు మావయ్య. అనేశాక నాలుక కరుచుకున్నాడు. నాన్న ఆయన వైపు చూసి, ఒక్కసారి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఈల కూడానేటి?"

"ఈల కూడా."

"ఎన్నేళ్ళు ఏసేవు?"

"ఏసేన్లే."

ఇద్దరూ ఆవ వైపు చూస్తూ కూర్చున్నారు. రెక్క గురించి మాట్లాడుకుంటారనుకున్నాను. సెల్స్ గురించైనా. విశాఖలో డాక్టరు దగ్గరికి వెళ్దామని మావయ్య అంటే నాన్న కోప్పడతాడేమోనని ఎదురుచూశాను. అదేమీ లేదు.

"తాతబ్బాయీ" అన్నాడు నాన్న కాసేపటికి. "ఇంకేటేటి యినపడ్డం లేదు నాకు?"

మావయ్య తల ఎత్తి, కొంచెం పక్కకి వాల్చి, విన్నాడు. తర్వాత గడ్డంతో ఆవ అంచున ఉన్న తుంగ వైపు చూపించాడు.

"అదుగో. ఆ తుంగలో పిట్టొకటి కూత్తంది బావా ఇప్పుడు. సిన్నది. ఒకటే కూత, ఆపట్లేదు."

నాన్న అటే చూశాడు. తుంగ కదలడం లేదు, పిట్ట కనపడడం లేదు. చాలాసేపు చూసి నా వైపు తిరిగాడు. నేను చెప్పబోయాను.

నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు సెప్పక్కర్లేదు" అన్నాడు. "ఆడు సెప్పేడు కదా."

నీ రోజలిన్